పిల్లలు లేరని రాయించాను

ఆ ఉత్తరం సంగతి వినగానే నాకు ముందు కలిగింది సంతోషం. సిగ్గుపడాల్సిన విషయమే, అయినా నిజం అదే.

గుడివాడలో మా బడి వరండాలో ఉన్నాను. పిల్లలు ప్రార్థనకి వరసలు కడుతున్నారు. ఆ గోలలో చెల్లెలి మాట వినపడక ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. చెల్లెలు కెనడాలో నర్సు. పాపని తన దగ్గరికి తీసుకెళ్ళడానికి అంతకు ఏడాది ముందు దరఖాస్తు పెట్టింది.

"వీసా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందక్కా, కాదనేట్టున్నారు," అంది. "నేను ఇక్కడికొచ్చేటప్పుడు రాసిన ఫారంలో పాప పేరు లేదంట. అప్పుడు చూపించని పిల్లని ఇప్పుడు కుటుంబం కింద తీసుకురావడానికి వాళ్ళ చట్టం ఒప్పుకోదంట. సంజాయిషీ చెప్పుకోడానికి ముప్ఫై రోజులు టైమిచ్చారు."

"అయ్యో" అన్నాను. నోరు అయ్యో అంటోందిగానీ లోపల మాత్రం ఊపిరి తేలిగ్గా ఆడింది. పాప ఎక్కడికీ వెళ్ళదు. సాయంత్రం కాలేజీ నుంచి మా ఇంటికే వస్తుంది. ఆ పూట మూడో తరగతి పిల్లలు ఎంత అల్లరి చేసినా ఒక్కణ్ణీ కసురుకోలేదు. నా కోపం సంగతి తెలిసిన తోటి టీచరు, "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

పాప అంటున్నానుగానీ దానికి పంతొమ్మిదేళ్ళు. పుట్టినప్పటి పిలుపు అలాగే ఉండిపోయింది. నేను పెంచాను. కన్నది నా చెల్లెలు.

మాది దివిసీమలో కోడూరు దగ్గర పల్లె. అక్కచెల్లెళ్ళం ఇద్దరమే. నాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా పిల్లలు పుట్టలేదు. చెల్లెలికి పెళ్ళయిన ఏడాదికే నెల తప్పింది. ఏడో నెలలో ఉండగా మా మరిది చల్లపల్లి రోడ్డులో బండి ప్రమాదంలో పోయాడు. పాప బందరు ఆస్పత్రిలో పుట్టింది. దానికి ఎనిమిది నెలలు నిండేసరికి చెల్లెలికి కువైట్‌లో ఉద్యోగం వచ్చింది. చంటిపిల్లని ఎవరి మీద వదిలి వెళ్తుంది? వెళ్ళకపోతే ఏం తిని బతుకుతుంది? ఎవరూ ఎవర్నీ అడగలేదు, ఏం జరగాలో అందరికీ తెలుసు.

పిల్లలు లేని అక్కకి చెల్లెలు బిడ్డనివ్వడం మా వాళ్ళలో కొత్తేం కాదు. దానికి కాయితాలు రాసుకోరు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు పాపని చెల్లెలి చేతుల్లోంచి తీసుకుని నా చేతుల్లో పెట్టి ప్రార్థన చేశారు. సంఘమంతా ఆమెన్ అంది. చెల్లెలు ఏడ్చింది, నేనూ ఏడ్చాను, పాప మాత్రం పాస్టరుగారి కళ్ళజోడు పట్టుకుని లాగింది. దేవుడి ముందు జరిగినదానికి స్టాంపు పేపరెందుకని అనుకున్నాం. అసలు ఆ మాటే ఎవరికీ తట్టలేదు. ఎవరైనా ఎత్తి ఉంటే నేనే వాళ్ళని కడిగేసి ఉండేదాన్ని.

పాపకి ఐదేళ్ళొచ్చాక మా ఊరి బళ్ళోనే చేర్చాను. అప్పుడు నేను పనిచేసేది అక్కడే. అడ్మిషన్ రిజిస్టరు నా ముందే ఉంది, పెన్ను నా చేతిలోనే ఉంది. తల్లి పేరు దగ్గర నా పేరు రాశాను. చెయ్యి వణకలేదు సరికదా, ఆ రోజు నా దస్తూరి ఎప్పటికంటే ముచ్చటగా వచ్చింది. తర్వాత వచ్చిన ఆధార్, రేషన్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్, అన్నీ ఆ రిజిస్టరు చూసి పుట్టినవే. బందరు మున్సిపాలిటీలో ఉన్న పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లెలి పేరుతో ఉండిపోయింది. దాని జోలికి ఎవరూ పోలేదు.

ఇంక ఆ ఫోను సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది అదే.

పాపకి ఆరేళ్ళు. శుక్రవారం పొద్దున, చెల్లెలికి కువైట్‌లో సెలవు. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చున్నాను. మా ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్, డ్యూటీకి వెళ్ళబోతూ చెప్పులేసుకుంటున్నాడు. చెల్లెలు ఫోన్ చేసి కెనడాకి అప్లై చేస్తున్నానని చెప్పింది. మంచిదే అన్నాను.

"ఫారంలో పిల్లలు అని ఒక గడి ఉందక్కా. వెంట తీసుకెళ్ళకపోయినా రాయాలంట. వేరేవాళ్ళ దగ్గర పెరుగుతున్నా రాయాలంట. ఏం చెయ్యమంటావు?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం చెయ్యమంటావంటే ఏంటే? ఇచ్చిన పిల్లని కాయితం మీద వెనక్కి లాక్కుంటావా? దానికి అమ్మని నేను. నీకెవరున్నారని రాస్తావు? లేరని రాయి."

"అట్టా కాదక్కా. ఇప్పుడు రాయకపోతే తర్వాత ఎప్పుడన్నా..."

"తర్వాతేంటి తర్వాత? అంటే తర్వాత తీసుకెళ్దామనే ఉందన్నమాట నీకు. రాశావంటే మళ్ళీ నా గుమ్మం తొక్కకు."

ఫోను పెట్టేశాను. చిక్కుడుకాయలు కిందంతా పడ్డాయి. మా ఆయన ఒక్కొక్కటే ఏరుతూ, "గడి నింపినంత మాత్రాన పిల్ల పోతుందా? రాయనియ్యరాదూ" అన్నాడు. ఆయన్నీ నాలుగు దులిపాను. ఏరిన కాయలు నా ముందు పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

నాది ముక్కు మీద కోపం అని మా వాళ్ళందరూ అంటారు. ఆ రోజుది కోపం కాదు, వట్టి భయం. కన్నతల్లి ఏదో ఒక రోజు వచ్చి చెయ్యి చాపితే నా దగ్గర చూపించడానికి ఏముందని భయం. చెల్లెలు పిల్లలు లేరనే రాసింది. వారం తర్వాత ఫోన్ చేసి, "నువ్వు చెప్పినట్టే రాశాలే" అంది. మంచిది అన్నాను. అంతే, ఆ సంగతి మళ్ళీ మా మధ్య రాలేదు.

పాపకి నిజం తెలియదని కాదు. ఊళ్ళో ఎవరో చెప్పేలోపు, దాని ఎనిమిదో ఏట నేనే కూర్చోబెట్టి చెప్పాను. విని, "అయితే పిన్నిని ఏమని పిలవాలి?" అంది. పిన్ని అనే పిలువు అన్నాను. అలాగే పిలిచేది. తర్వాత గుడివాడ వచ్చాం. ఫోన్లో బొమ్మ కనిపించే రోజులొచ్చాయి. పిన్ని యూనిఫాం, పిన్ని వార్డు, పిన్ని కిటికీ బయట మంచు, అన్నీ దీనికి నోటికొచ్చు. ఇద్దరూ మాట్లాడుకుంటుంటే నేను వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగానే పెట్టేదాన్ని.

డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా ఒక సాయంత్రం అంది: "వెళ్తానమ్మా. నర్సింగ్ అక్కడే చదువుతా. పిన్ని అప్లై చేస్తానంది."

"నన్నడిగారా ఇద్దరూ?"

"ఇప్పుడు అడుగుతున్నాగా."

రెండు రోజులు దాంతో మాట్లాడలేదు. మూడో రోజు నేనే బందరు వెళ్ళి పుట్టిన తేదీ సర్టిఫికెట్ తెచ్చి చేతిలో పెట్టాను. గొప్ప మనసుతో అని అనుకోకండి. ఇలాంటివి ఏళ్ళూ పూళ్ళూ పడతాయి, ఈలోపు దీని మనసు మారుతుందిలే అనుకున్నాను. మనసు మారలేదు. రక్త పరీక్షలూ అయ్యాయి, తల్లీ కూతుళ్ళే అని రిపోర్టూ వచ్చింది. ఆ తర్వాత వచ్చింది ఈ ఉత్తరం.

ఉత్తరం సంగతి తెలిశాక వచ్చిన ఆదివారం చెల్లెలు మళ్ళీ ఫోన్ చేసింది. పాప స్పీకరు పెట్టింది. అక్కడ వీళ్ళ కేసు చూసే కన్సల్టెంటు చెప్పినదంతా చెల్లెలు వివరంగా చెప్పింది. రూలు చాలా తేలిగ్గా ఉంది. మనిషి స్థిరపడటానికి వచ్చేటప్పుడు భార్యో భర్తో పిల్లలో ఎవరున్నా చెప్పాలి. వెంట రానివాళ్ళకి కూడా అప్పుడే ఒకసారి వైద్య పరీక్ష చేయించాలి. అలా చెప్పనివాళ్ళని తర్వాత కుటుంబం పేరు మీద పిలిపించుకోవడానికి లేదు. కన్నబిడ్డేనని రుజువైనా సరే. జాలి తలచి చూడమని అడుక్కోవడం ఒక్కటే మిగిలిన దారి.

"ఆనాడు ఏం చేసి ఉంటే సరిపోయేది పిన్నీ?" అని పాప అడిగింది.

"పేరు రాసి, వెంట రావట్లేదు అని టిక్కు పెట్టి, నీకు బందర్లోనో బెజవాడలోనో ఒక మెడికల్ చేయిస్తే చాలంట. నువ్వు అమ్మ దగ్గరే ఉండేదానివి. ఎప్పుడు కావాలంటే అప్పుడు దారి ఉండేది."

ఒక్క గడి నింపనిచ్చి ఉంటే పాప నా దగ్గరే పెరిగేది, ఎవరూ దాన్ని లాక్కునేవాళ్ళు కాదు, ఈ రోజు దాని దారికి ఎవరూ అడ్డం ఉండేవాళ్ళు కాదు. మా ఆయన నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది, తిరిగి అరిచేదాన్ని.

"మరి నువ్వెందుకు రాయలేదు పిన్నీ?"

"తెలీలేదమ్మా," అంది చెల్లెలు. నన్ను పట్టివ్వలేదు.

జాలితో చూడమని అడగాలంటే, పెంచిన మనిషి వాంగ్మూలం కూడా కావాలని కన్సల్టెంటు అన్నాడట. పాప ఎవరు, నా దగ్గరికి ఎలా వచ్చింది, ఆనాడు ఎందుకు చెప్పలేదు, అన్నీ రాసి నోటరీ చేయించి పంపాలి. పంపుతాలే అన్నాను. పంపలేదు. అర్ధ సంవత్సరం పరీక్షల పేపర్లన్నాను, ట్రైనింగన్నాను, జలుబన్నాను. పాప మొదటి వారం అడిగింది. రెండో వారం అడిగింది. మూడో వారం అడగడం మానేసింది. అన్నం మాత్రం సగమే తింటోంది. దానికి ఇరవై రెండు నిండితే ఇక పిల్లల కింద లెక్కే రాదు, ఈ కేసు పోతే మళ్ళీ మొదట్నుంచి పెట్టి ఏళ్ళు ఎదురుచూసే టైము లేదు. అది నాకూ తెలుసు.

ఇరవై ఆరో రోజు పొద్దున నేను జడ వేసుకుంటుంటే వచ్చి నిలబడింది.

"సెలవు చీటీ నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?"

నేనే రాశాను.

బందరు బస్సులో కిటికీ పక్కన అది, దాని పక్కన నేను. అది ఫైలు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. చిన్నప్పుడు పలక అలాగే పట్టుకునేది. ఎక్కడన్నా బస్సు ఆగితే చాలు, దాని చూపు గడియారం మీదికి పోతోంది.

లాయరుగారిది కోర్టు వెనక సందులో ఇల్లు, ముందు గదే ఆఫీసు. పెద్దాయన. నా కాయితాలన్నీ చూసి, "మీవాళ్ళకి ప్రార్థనతో పెంపకం అయిపోతుంది టీచరుగారూ, చట్టానికి అవ్వదు" అన్నారు. "హిందువులకైతే దత్తత చట్టం విడిగా ఉంది. మీకు ఆ చట్టం వర్తించదు. మీరు పద్ధతి ప్రకారం దరఖాస్తు పెట్టి ఆర్డరు తెచ్చుకోవాలి. తెచ్చుకోలేదు కాబట్టి చట్టం దృష్టిలో ఈ పాప ఎప్పుడూ మీ చెల్లెలి కూతురే. మీరు పెద్దమ్మ. అంతే." నేను తల ఊపాను. అంతే అన్న మాట అంత మామూలుగా అనొచ్చని నాకు తెలియదు.

చెల్లెలు ముందే ఫోన్లో మాట్లాడినట్టుంది, ఆయన వాంగ్మూలం తయారుచేసి ఉంచారు. ఇంగ్లీషులో రాసింది తెలుగులో చదివి వినిపించారు. సంఘంలో బిడ్డని ఇవ్వడం, రిజిస్టరులో పేరు రాయడం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివర్లో ఒక వాక్యం ఉంది. తన దగ్గర పెరుగుతున్న పిల్లల గురించే ఫారం అడుగుతోందని నా చెల్లెలు పొరబడింది, అందువల్ల రాయలేదు, అని. మంచి వాక్యం. ఎవరైనా నమ్ముతారు.

పెన్ను మూత తీశాను. మళ్ళీ పెట్టాను.

"ఇది నిజం కాదండీ."

లాయరుగారు కళ్ళజోడు తీశారు. చెప్పేశాను. చిక్కుడుకాయలతో సహా చెప్పాను. వెంట తీసుకెళ్ళకపోయినా రాయాలని ఫారంలో ఉందని చెల్లెలు నాకు చదివి చెప్పిందని, వద్దన్నది నేనని, గుమ్మం తొక్కొద్దన్నానని చెప్పాను. పాప నా పక్క కుర్చీలో ఉంది. దాని మొహం చూసే ధైర్యం చాలక, లాయరుగారి బల్ల మీద కాయితాలు ఎగరకుండా పెట్టిన గాజుగుండు చూస్తూ మాట్లాడాను.

"అంటే నాకు ఆరేళ్ళప్పట్నుంచీ నీకు తెలుసు," అంది పాప.

"ఊ."

లేచి వరండాలోకి వెళ్ళి అటు తిరిగి నిలబడింది.

లాయరుగారు గొంతు తగ్గించారు. "ఈ ముక్క రాస్తే మీ చెల్లెలు తెలిసే దాచిందని మీరే ఒప్పుకున్నట్టవుతుంది టీచరుగారూ. అక్క కోపానికి భయపడి రాయలేదంటే వాళ్ళకి జాలి కలిగితే కలగొచ్చు. లేకపోతే ఇక అంతే. నేనైతే రాయమనను. పోనీ, పాపనొకసారి అడగండి."

అడగలేదు. "అబద్ధం మీద సంతకం పెట్టలేనండీ," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎంత శుభ్రంగా ఉందో నాకిప్పటికీ వినపడుతుంది. ఆయన నిట్టూర్చి ఆ వాక్యం తీసేసి, నేను చెప్పింది పెట్టించారు. సంతకం చేశాను. నోటరీ ముద్ర పడింది.

సందు చివరనే నిలబడి చెల్లెలికి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. నిద్ర మత్తులో ఉంది, అయినా మొత్తం వింది.

"ఎందుకక్కా? నేను తెలీక రాయలేదనే రాసి పెట్టుకున్నాను వాళ్ళకి."

"నా వల్ల కాలేదే."

"సరేలే. ఇద్దరం రెండు రకాలుగా చెప్తే ఇంకా కష్టం. నా సంజాయిషీ ఇంకా పంపలేదు, నేనూ మార్చి నిజమే రాస్తాను." నన్నొక్క మాట అనలేదు. మా చెల్లెలు చిన్నప్పట్నుంచీ అంతే, నేను తప్పు చేస్తే అది సర్దుకునేది.

తిరుగు బస్సులో పాప నా పక్కన కూర్చోలేదని చెప్పలేను, కూర్చుంది. గుడివాడలో దిగేటప్పుడు నా సంచీ కూడా అదే పట్టుకుంది. ఇంటికెళ్ళాక మాత్రం మాటలు కొలిచి మాట్లాడేది. మా ఆయనతో నవ్వేది, నాకు జవాబులు చెప్పేది.

నాలుగు నెలలు అలా గడిచాయి. ఫోను మోగితే ఇద్దరం ఉలిక్కిపడేవాళ్ళం. నేను చర్చిలో మోకరించి దాని పని జరగాలని ప్రార్థన చేసేదాన్ని. చేసి, కళ్ళు తెరిచేలోపే జరగకూడదని కూడా అనుకునేదాన్ని. రెండూ నిజమే. దేవుడు ఏది విన్నాడో తెలియదు.

జవాబు ఒక ఆదివారం మాకు తెలిసింది, చెల్లెలు పాప ఫోనుకి పంపింది. నేను రొయ్యలు వలుస్తున్నాను. పాప వంటింటి గుమ్మంలో నిలబడి చదివి ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. బిడ్డ సంగతి చెప్పాలని తెలిసి కూడా చెప్పలేదని దరఖాస్తుదారూ, ఆమె అక్కా, ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. అమ్మాయి పెంచినామె దగ్గర క్షేమంగా, ప్రేమగా ఉంది. అక్కడే ఉండటం వల్ల కష్టమేమీ కనిపించడం లేదు. అందువల్ల కుదరదు.

"క్షేమంగా, ప్రేమగా అని రాశారు," అంది మళ్ళీ. గొంతులో ఏడుపు లేదు.

చదువు వీసా మీద వెళ్ళొచ్చుగా అని అంటూనే ఉన్నారు అందరూ. కన్నతల్లి అక్కడ ఉందని ఇన్ని కాయితాల్లో రాశాక, చదువు కాగానే తిరిగి వస్తుందంటే ఎవరు నమ్ముతారని కన్సల్టెంటు ముందే చెప్పాడు. చెల్లెలు ఆ రోజు ఫోన్ చేసి పాపతో చాలాసేపు మాట్లాడింది. నాతోనూ మాట్లాడింది, రొయ్యలు కిలో ఎంతని అడిగింది.

పాప ఫోను పక్కన పెట్టి, కత్తిపీట దగ్గర పీట వాల్చుకుని నాకెదురుగా కూర్చుంది. తనూ రొయ్యలు వలవడం మొదలెట్టింది. తిడితే పడదామనుకున్నాను. ఒక పది వలిచాక, తల ఎత్తకుండా అడిగింది.

"అమ్మా, ఆ రోజు లాయరుగారింట్లో నిజం చెప్పావు కదా. నన్ను పంపడానికి చెప్పావా, ఉంచుకోడానికి చెప్పావా?"

పంపడానికేనే తల్లీ అనాలని నోటిదాకా వచ్చింది. దాని వేళ్ళ వంక చూశాను. ఆ లాయరుగారు హెచ్చరించారు, నేను విన్నాను. విని కూడా రాయించాను. నిజం కోసమే రాయించానని నాలుగు నెలలుగా నాకు నేను చెప్పుకుంటున్నాను, ఒక్కరోజూ పూర్తిగా నమ్మలేదు.

"నాకే తెలీదే," అన్నాను.

అది చేతిలో రొయ్యని గిన్నెలో వేసి, అప్పుడు నా మొహంలోకి చూసింది.

"ఈ ఒక్కసారి అబద్ధం చెప్పొచ్చు కదమ్మా."